పాత రివాల్వరుకు మెరుగు పెట్టొద్దు

ఇండోర్‌లో సరిహద్దు భద్రతా దళం వారి ఆయుధ శిక్షణ సంస్థ ఒకటుంది. అక్కడి ప్రదర్శనశాలలో ఒక .32 కోల్ట్ ఆటోమేటిక్ పిస్తోలు ఏళ్ళ తరబడి మిగతా వాటితో కలిసి పడి ఉండేది. తుప్పు పట్టకుండా నల్లరంగు పూశారు. 2016లో ఆ రంగు గీకి చూస్తే అడుగున 168896 అనే సంఖ్య కనిపించింది. లాహోరు కుట్ర కేసు కాగితాల్లో ఉన్న సంఖ్య కూడా అదే. 1928 డిసెంబర్ 17న పోలీసు అధికారి సాండర్స్ మీద భగత్ సింగ్ పేల్చిన పిస్తోలు ఇదేనని అలా తేలింది. తర్వాత దాన్ని పంజాబులోని హుస్సేనీవాలాకు తరలించారు.

ఆ రకం పిస్తోళ్ళు అమెరికాలో లక్షల్లో తయారయ్యాయి. ఆ ఆరంకెలే లేకపోతే ఇది వాటిలో ఒకటిగా మిగిలిపోయేది. ఎవరైనా ఉత్సాహవంతుడు ఆకురాయితో గట్టిగా రుద్ది, తళతళలాడేట్టు మెరుగు పెట్టి ఉంటే అంకెలూ పోయేవి, చరిత్రా పోయేది. పాత చేతితుపాకుల సేకరణ గురించి ఎప్పుడు చదివినా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. సేకరించేవారు నిజానికి దేన్ని సేకరిస్తున్నారు? యంత్రాన్నా, పనితనాన్నా, వెనకున్న కథనా? వేలం కేటలాగులు ఈ మూడింటినీ ఒకే గంటెతో కలిపేస్తాయి. విడదీసి చూస్తే గానీ ఈ వ్యసనంలో విద్య ఎంతో, వెర్రి ఎంతో తెలియదు.

యంత్రంతో మొదలుపెడదాం. రివాల్వరు కథలో మన దేశానికి మొదటి పుటలోనే చోటుంది. 1830లో పదహారేళ్ళ శామ్యూల్ కోల్ట్ బోస్టన్‌లో 'కోర్వో' అనే ఓడ ఎక్కి కలకత్తాకు బయల్దేరాడు. చుక్కాని చక్రాన్ని తిప్పి, కావలసిన చోట బిగించడం చూశాక తిరిగే తుపాకీ ఆలోచన తట్టిందని, ఓడ మీదే కర్రతో నమూనా చెక్కానని ఆయన కథనం. కర్ర నమూనా మాట నిజమే. అది ఈనాటికీ హార్ట్‌ఫోర్డ్‌లోని వాడ్స్‌వర్త్ ఎథీనియం మ్యూజియంలో ఉంది. చుక్కాని సంగతి దగ్గరే అనుమానం. ఎలీషా కాలియర్ అనే ఆయన 1818లోనే ఇంగ్లండులో చెకుముకి రివాల్వరుకు పేటెంటు తీసుకున్నాడు. అవి ఇండియాలోని ఆంగ్ల సైనికుల దగ్గరా ఉండేవి. కోల్ట్ కలకత్తాలో వాటిని చూసే ఉంటాడని కొందరు చరిత్రకారుల ఊహ. నా మొగ్గు ఈ ఊహ వైపే. చుక్కాని కథ మరీ అచ్చుపోసినట్టు అమిరింది, పైగా చెప్పినవాడు సరుకు అమ్ముకునేవాడు.

అమ్మకంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. తుపాకులు చేయించడానికి డబ్బు కావాల్సి వచ్చినప్పుడు 'డాక్టర్ కౌల్ట్' అని పేరు మార్చుకుని, ఊరూరా తిరిగి నవ్వు పుట్టించే వాయువును జనానికి పీల్పిస్తూ టిక్కెట్టు ప్రదర్శనలిచ్చాడు. ఆ డబ్బుతో నమూనాలు చేయించి 1836లో అమెరికా పేటెంటు పొందాడు.

ఇంతకీ ఆయన కొత్తగా చేసిందేమిటి? తూటాలు పట్టే చక్రం అప్పటికే ఉంది. కాలియర్ తుపాకీలో దాన్ని చేత్తో తిప్పుకోవాలి. కోల్ట్ ఆ పనిని హ్యామర్‌కు అప్పగించాడు. బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగితే, దానికి తగిలించిన చిన్న కొక్కెం సిలిండర్ వెనకనున్న పళ్ళను పైకి తోస్తుంది. సిలిండర్ సరిగ్గా ఒక గది మేర తిరుగుతుంది. కింద నుంచి ఒక మేకు లేచి గంటులో దిగి దాన్ని బిగిస్తుంది. గది సరిగ్గా గొట్టానికి ఎదురుగా నిలవాలి. వెంట్రుకవాసి తప్పినా గుండు గొట్టం అంచును గీరుకుంటూ పోతుంది. పాత కోల్ట్ చేతిలోకి తీసుకున్న సేకరణకారుడు మొదట చేసేది హ్యామర్‌ను మెల్లగా లాగి ఆ 'టిక్కు' వినడమే. గడియారాలు బాగుచేసేవాడు చెవి దగ్గర పెట్టుకుని వింటాడే, అలాంటిదే. గంటులు అరిగిపోతే శబ్దం మెత్తబడుతుంది, సిలిండర్ వదులుగా ఊగుతుంది.

న్యూజెర్సీలోని పాటర్‌సన్‌లో పెట్టిన మొదటి ఫ్యాక్టరీ 1842లో మూతపడింది. ఆయన్ని తిరిగి నిలబెట్టింది మెక్సికో యుద్ధం. టెక్సస్ రేంజర్ శామ్యూల్ వాకర్ కోరిక మేరకు 1847లో చేసిన .44 రివాల్వరు రెండు కిలోల పైచిలుకు బరువుంటుంది. నడుముకు కట్టుకునేది కాదు, గుర్రం జీనుకు తగిలించుకునేది. సైన్యానికి వెయ్యి, బయటివారికి ఇంకో వంద, అంతే చేశారు. వాకర్ ఆ ఏడాదే అక్టోబరులో యుద్ధంలో చనిపోయాడు. మందు దండిగా దట్టించడంతో వీటిలో చాలా వాటి సిలిండర్లు పగిలిపోయాయి. తక్కువ చేశారు, వాటిలోనూ కొన్నే బతికాయి, అందుకే ఈ పిచ్చి ధర. 2018లో పెట్టెతో సహా దొరికిన ఒక వాకర్ కోల్ట్ వేలంలో 18.4 లక్షల డాలర్లకు పోయింది.

నాకు వాకర్ కంటే 1851 నాటి 'నేవీ' రివాల్వరు ముద్దు. రెండు లక్షలకు పైగా చేశారు కాబట్టి అరుదైనదేమీ కాదు. కానీ చేతిలో దాని తూకం వేరు. పిడికిట్లో ఒదిగే పిడి, ఎనిమిది పలకల గొట్టం, సిలిండర్ చుట్టూ ఓడల యుద్ధం బొమ్మ. 1843 మే 16న టెక్సస్ నౌకాదళం మెక్సికో ఓడలతో కాంపేచే దగ్గర చేసిన పోరు అది. ఉక్కు అచ్చును ఒత్తి దొర్లించి వేసిన బొమ్మ కావడంతో లోతు చాలా తక్కువ. ఒరలో పెట్టి తీసే రాపిడికే చెరిగిపోతుంది. ఓడల తెరచాపలు ఇంకా కనబడుతున్నాయంటే ఆ తుపాకీని పెద్దగా వాడలేదన్నమాట.

సంఖ్యల సంగతి ఇక్కడే చెప్పాలి. కోల్ట్ తుపాకీలో ఫ్రేముకు, గొట్టానికి, సిలిండరుకు, ట్రిగ్గర్ గార్డుకు అన్నిటికీ ఒకే సంఖ్య కొట్టి ఉంటుంది. యంత్రాల మీద చేసిన విడిభాగాలు దేనికైనా అతుకుతాయని కోల్ట్ గొప్పలు చెప్పుకునేవాడు. నిజానికి చివర్లో మనిషి ఆకురాయితో రాచి ఒకదానికొకటి కుదర్చాల్సి వచ్చేది. అలా కుదిరినవి మళ్ళీ విడిపోయి వేర్వేరు పూతలకు వెళ్తాయి కాబట్టి, తిరిగి ఒక చోటికి చేరడానికే ఆ సంఖ్యలు. ఆనాడు పనివాడి సౌకర్యం కోసం కొట్టిన గుర్తు ఈనాడు సేకరణకారుడికి జాతకచక్రం. అన్ని సంఖ్యలూ కలిస్తే ఒక ధర. సిలిండరొకటి, ఫ్రేమొకటి అయితే సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. సంఖ్య చెబితే ఏ ఏడాది చేశారో, మొదట ఎవరికి పంపారో తమ పాత పద్దుల్లోంచి తీసి ఉత్తరం రాసిచ్చే ఏర్పాటు కోల్ట్ కంపెనీకుంది. స్మిత్ అండ్ వెసన్ చరిత్రకారులూ ఈ పని చేస్తూ వచ్చారు.

స్మిత్ అండ్ వెసన్ పేరు వచ్చింది కాబట్టి రోలిన్ వైట్ గురించి రెండు ముక్కలు. తూటాను వెనక నుంచి పెట్టడానికి వీలుగా సిలిండర్ గదులకు ఆ చివర నుంచి ఈ చివర దాకా రంధ్రం వేయడం మీద 1855లో పేటెంటు ఆయనది. ఇంత చిన్న విషయానికి పేటెంటా అనిపిస్తుంది. దాని పుణ్యాన 1869 దాకా అమెరికాలో ఇంకెవరూ ఆ పద్ధతి వాడలేకపోయారు. స్మిత్ అండ్ వెసన్ ఆయనకు తుపాకీకి 25 సెంట్లు ఇస్తూ, 1857లో ఏడు గుళ్ళ .22 బుల్లి రివాల్వరు తెచ్చింది. పేటెంటు కాపాడుకునే కోర్టు ఖర్చులు మాత్రం వైట్ మీదే పెట్టింది. కంపెనీ కోట్లకు ఎదిగింది, ఆయన సంపాదన చాలామటుకు లాయర్లకే పోయింది. పేటెంటు గడువు తీరాక కోల్ట్ 1873లో .45 సింగిల్ యాక్షన్ ఆర్మీ తెచ్చింది. కౌబాయ్ సినిమాల్లో మనం చూసే రివాల్వరు ఇదే.

సినిమాల మాట వచ్చింది కాబట్టి ఒక పిడకలవేట. 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ' సినిమా కథ అమెరికా అంతర్యుద్ధ కాలానిది. అందులో హీరో నడుముకున్నది నేవీ కోల్టే, కానీ వెనక నుంచి తూటాలు పెట్టేట్టు మార్చినది. ఆ మార్పులు యుద్ధం అయిపోయిన తర్వాత గానీ రాలేదు. ఆ ఇటలీ సినిమాల గాలికే 1971లో మన 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది. తెలుగువాడికి రివాల్వరంటే గుర్తొచ్చే ఆకారాన్ని ఖాయం చేసింది కృష్ణగారి టోపీ, గుర్రం, నడుముకు వేలాడే ఒరే. మన పోలీసుల నడుముకు వేలాడినది వేరే వంశం.

ఆ వంశం ఇంగ్లండుది. 1851 లండన్ మహా ప్రదర్శనలో కోల్ట్ దుకాణం పెట్టినప్పుడే రాబర్ట్ ఆడమ్స్ కూడా తన రివాల్వరు పెట్టాడు. కోల్ట్‌కు ప్రతిసారీ హ్యామర్ లాగాలి. ఆడమ్స్‌కు ట్రిగ్గర్ నొక్కితే చాలు, హ్యామర్ తనే లేచి పడుతుంది. బ్యూమాంట్ అనే ఇంజనీరు అధికారి తెచ్చిన మార్పుతో రెండు రకాలుగానూ పేల్చే వీలు వచ్చింది. కోల్ట్ నేవీ గుండు .36 కొలత. ఆడమ్స్ గుండు అంతకంటే లావు. ఏది మేలన్న వాదన 1857 తిరుగుబాటు రోజుల్లో ఆంగ్ల అధికారుల మధ్య ముదిరింది. మీదికి దూకే సిపాయిని ఏ గుండు పడేస్తుంది అన్నదే వాళ్ళ ప్రశ్న. కోల్ట్ లండన్‌లో పెట్టిన ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది. ఆంగ్ల సైన్యం లావు గుండు దారినే పోయింది. 1887లో బర్మింగ్‌హామ్‌కు చెందిన వెబ్లీ రివాల్వరును .455 కొలతలో తీసుకుంది.

వెబ్లీని విప్పి చూపిస్తే చిన్నపిల్లవాడికైనా ముచ్చటేస్తుంది. బొటనవేలితో గొళ్ళెం నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే తుపాకీ నడుము దగ్గర రెండుగా మడుచుకుంటుంది. మధ్యలోంచి నక్షత్రంలాంటి పలక లేచి ఆరు ఖాళీ తొడుగులనూ ఒక్కసారిగా బయటికి నెట్టేస్తుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో వచ్చిన ఆరో మార్కు ఈ వరసలో చివరిది. మన కాన్పూరులో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు చేసే .32 రివాల్వరు చూడండి, అదే మడత, అదే గొళ్ళెం. తెల్లవాడు పోయినా ఆ కీలు పోలేదు.

సేకరణ పుస్తకాలు ఎక్కువగా దాటేసే మాట ఒకటుంది. ఆ లావు గుళ్ళు ఎవరి కోసం లావెక్కాయి? 1898లో వెబ్లీ కోసం ముందు భాగం గుంటలా ఉండే ఒక తూటా చేశారు, పేరే 'మ్యాన్‌స్టాపర్'. మనిషిని నిలువునా ఆపేది అన్నమాట. ఒళ్ళు తగలగానే విచ్చుకునే గుళ్ళకు కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధశాల పేరే వచ్చింది. 1899 హేగ్ ఒప్పందం దాని మీద సంతకం చేసిన దేశాల మధ్య యుద్ధాల్లో వాటిని వద్దంది. అమెరికావారి కథా ఇలాంటిదే. ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులు .38 గుళ్ళు తగిలినా ఆగడం లేదన్న ఫిర్యాదులే .45 కొలతకు మళ్ళీ దారి తీశాయి. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1911 పిస్తోలుకు ఆ కొలత అలా వచ్చింది. పాత పిస్తోలు మీద కొట్టిన కొలత అంకె కూడా ఒక చరిత్ర పత్రమే. దాన్ని ఇంజనీరింగ్ వివరంగా మాత్రమే చదివేవాడు సగమే చదువుతున్నాడు. చంపే వస్తువును మెచ్చుకోవచ్చా అని అడిగేవారికి నా దగ్గరున్న జవాబు ఇదే. మ్యూజియంలో కత్తుల గదిలో గంటసేపు తిరిగినప్పుడు ఎవరూ ఆ మాట అడగరు. తుపాకీ దగ్గర అడుగుతారు, ఎందుకంటే దాని కాలం మనకింకా దగ్గరగా ఉంది. అడగడం మంచిదే. ఆ ప్రశ్నను అంకెల పక్కనే పెట్టుకుని చూడాలి.

పనితనం విషయంలో కొత్తవాళ్ళు చేసే తప్పు ఒక్కటే, మెరుగు. ఇత్తడి బిందెకు చింతపండు పెట్టి తోమే జాతి మనది. పాత సామాను మెరవకపోతే మనకు మనసొప్పదు. రివాల్వరు ఒంటి మీదున్న నీలి నలుపు పూత ఉక్కును పాలిష్ చేసి, వేడి చేసి తెప్పించిన రంగు. ఫ్రేము మీద కనిపించే నెమలికంఠం లాంటి చారలు ఎముకల బొగ్గులో కాల్చి నీళ్ళలో ముంచితే వచ్చినవి. అది అలంకారం కాదు, పైపొరను గట్టిపరిచే పద్ధతి. వీటిని రుద్ది మళ్ళీ పూత వేస్తే అంచులు గుండ్రబడతాయి, అక్షరాల మూలలు కరుగుతాయి, మరల రంధ్రాల చుట్టూ పళ్ళెంలా గుంట పడుతుంది. తెలిసినవాడు మొదట ఆ రంధ్రాలే చూస్తాడు. అరవై పాళ్ళు పూత పోయిన అసలు తుపాకీకి, నూరుపాళ్ళు మెరిసే కొత్త పూత దానికన్నా ఎక్కువ ధర పలకడానికి కారణమిదే.

మోసాలూ ఇక్కడే. మామూలు కోల్ట్ మీద సైనిక ముద్రలు కొట్టడం, అరుదైన సంఖ్య చెక్కడం, దొరకని పెట్టె కొత్తగా చేయించి పాతబడేలా చేయడం ఎప్పటి నుంచో ఉన్నవే. పెషావర్ దక్షిణాన దర్రా ఆదంఖేల్ కమ్మరులు చేత్తో చేసిన వెబ్లీల సంగతి వేరు. చూడ్డానికి అచ్చం అసలుదే, దగ్గరికెళ్తే ఇంగ్లీషు అక్షరాలు తలకిందులుగా, కంపెనీ పేరు తప్పుల తడకగా ఉంటాయి. చదువు రాని చేయి ముద్రను బొమ్మగా చూసి దించింది. వాటిని నకళ్ళని తీసిపారేయడం నాకు నచ్చదు. ఫ్యాక్టరీ లేని చోట ఆకురాయీ, కొలిమీ పెట్టుకుని ఆ కీలు, ఆ నక్షత్రం చేసిన చేతికి దాని విలువ దానికుంది. అసలుదని అమ్మితేనే తప్పు.

ఇక కథ. డబ్బంతా ఇక్కడే ఉంది. అమెరికా బందిపోటు బిల్లీ ద కిడ్‌ను షెరీఫ్ పాట్ గారెట్ కాల్చి చంపిన కోల్ట్ 2021లో 60 లక్షల డాలర్లు దాటింది. అదే రకం, అదే ఏడాదిది, ఎవరినీ చంపని కోల్టుకు అందులో పిసరంత కూడా రాదు. 1873లో బ్రస్సెల్స్‌లో కవి వెర్లేన్ తన స్నేహితుడు రాంబో మీద పేల్చిన ఆరు గుళ్ళ లెఫోషో రివాల్వరు 2016లో ప్యారిస్ వేలంలో 4,34,500 యూరోలు పలికింది. దాని జాడకు తుపాకీ దుకాణం నుంచి పోలీసుల దాకా కాగితాలున్నాయి. చిత్రకారుడు వాన్ గో తనను కాల్చుకున్నాడని చెప్పే లెఫోషో సంగతి అలా కాదు. 1960ల్లో ఓవేర్ ఊరి పొలంలో నాగలికి తగిలింది. తుప్పు తినేసిన అస్థిపంజరం. కొలత సరిపోతుంది, చోటు సరిపోతుంది, మట్టిలో ఉన్న కాలమూ సరిపోతుంది. అంతకు మించి సాక్ష్యం లేదు. 2019లో అది 1,62,500 యూరోలకు పోయింది. పేల్చడానికి పనికిరాదు, సంఖ్య చదవడానికీ పనికిరాదు. కొన్నవాడు 'కావచ్చు' అన్న ఒక్క మాటను కొన్నాడు.

ఎవరు ఏం ఉంచుకోవచ్చన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో 1898తో ముగిసే గీత ఉంది. ఆ ఏడాదికి ముందుగానీ ఆ ఏడాదిలోగానీ చేసినవాటిని కేంద్ర చట్టం ఆయుధాలుగానే లెక్కవేయదు. రాష్ట్రాల నిబంధనలు వేరు. అక్కడి తెలుగువాళ్ళలో కొందరికి ఈ సరదా ఉంది. హెచ్-1బి వీసా మీదున్నవారికి గీత ఇవతలి తుపాకులు, వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకపోతే, సాధారణంగా అందవని గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లో 1996 డన్‌బ్లేన్ బడి కాల్పుల తర్వాత చేతితుపాకులు దాదాపు పూర్తిగా నిషిద్ధం. తూటాలు దొరకని పాతకాలపు రకాలను మాత్రం అలంకార వస్తువులుగా ఉంచుకోనిస్తారు.

మన దగ్గర 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో ఒక సందు ఉంది. పాతబడిన, పురావస్తు విలువున్న ఆయుధాలకు చట్టం వర్తించదు. అయితే మరమ్మతు చేసినా చేయకపోయినా పేలడానికి పనికిరానిదై ఉండాలి. మరమ్మతు చేస్తే పేలే అవకాశముంటే, తాతగారిదైనా లైసెన్సు కావాల్సిందే. 2019 సవరణతో ఒక మనిషికి మూడు బదులు రెండే అనుమతి, వారసత్వంగా వచ్చినదైనా ఆ లెక్కలోకే వస్తుంది. .38, .455 వంటి కొలతలు నిషేధిత బోరు కింద ఉండటంతో పాత వెబ్లీల దారి ఇంకా ఇరుకు. నూరేళ్ళు దాటినవి 1972 పురావస్తు చట్టం కింద దేశం దాటి పోకూడదు. కాబట్టి మనవాడికి సేకరణ కంటే పరిశీలనే అందుబాటులో ఉన్న దారి. అందుకు నాకు బాధ లేదు. పెట్టెలో దొరికిన పాత రివాల్వరును గుట్టుగా తోమి దాచుకునే ఇంటి పెద్ద కంటే, పోలీస్ స్టేషన్‌లో చెప్పి సంఖ్య రాయించి మ్యూజియంకు ఇచ్చినాయన చరిత్రకు ఎక్కువ మేలు చేసినట్టే.

మ్యూజియంలోకి చేరాక ఏమవుతుందన్నది ఇంకో కథ. కొన్నేళ్ళ కింద ఒక చిన్న ఊరి ప్రదర్శనశాలలో అద్దం వెనక ఒక వెబ్లీ చూశాను. పక్కన అట్టముక్క మీద ఎర్రసిరాతో '1857 తిరుగుబాటు నాటి రివాల్వరు' అని రాసి ఉంది. వంగి చూస్తే గొట్టం మొదట్లో బర్మింగ్‌హామ్ పరీక్షశాల ముద్ర, కిరీటం కింద ఎన్, పి అనే రెండక్షరాలు. కొత్తరకం పొగలేని మందుతో పరీక్షించామని చెప్పే ఆ గుర్తు 1904లో వచ్చింది. అక్కడున్న కాపలా పెద్దాయనను పిలిచి చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని ముద్ర చూశాడు, అట్టముక్క చూశాడు.

"మీరు చెప్పింది నిజమేనేమోనండీ. కానీ 1857 అని ఉంటేనే పిల్లలు ఆగి చూస్తారు" అన్నాడు.